కంచు విగ్రహాలకు పలుచని గాజు పూత వేయవచ్చా? చిలుము, తేమ, మళ్లీ తీయగలగడం గురించి చర్చ

తీరవాసి

సభ్యులందరికీ నమస్కారం. కృష్ణా డెల్టాలో, సముద్రానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక పాత గ్రంథాలయానికి నేను గౌరవ కార్యదర్శిని. మా దగ్గర రెండు కంచు విగ్రహాలు ఉన్నాయి. మొదటిది గ్రంథాలయానికి స్థలం ఇచ్చిన దాత అర్ధవిగ్రహం. దాదాపు తొంభై ఏళ్ల క్రితం పోత పోయించి ముందున్న తోటలో నిలబెట్టారు. అప్పటి నుంచి అది ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఆరుబయటే ఉంది. తల మీదా భుజాల మీదా లేత ఆకుపచ్చ రంగు తేలింది, కండువా మడతల్లో నల్లని పొర గట్టిపడింది, ఈ రెండింటి మధ్య వాన నీరు జారిన చారలు స్పష్టంగా కనిపిస్తాయి.

రెండోది జానెడు ఎత్తున్న దీపలక్ష్మి. చెరువు పూడిక తీసినప్పుడు దొరికిందని మా పాత రిజిస్టరులో రాసి ఉంది. దాన్ని బీరువాలో ఉంచాము. పాదాల దగ్గరా జడ మీదా లేత పచ్చని పొడి చుక్కలుగా లేస్తోంది. మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది కానీ, వానకాలం రాగానే సరిగ్గా అక్కడే మళ్లీ లేస్తుంది.

కార్లకు పూతలు వేసే ఒక దుకాణదారు ఈ రెండింటికీ ‘నానో గాజు పూత’ వేస్తానని, పదేళ్ల దాకా చిలుము పట్టదని చెబుతున్నారు. మా సంఘంలో చాలామంది అందుకు ఒప్పుకున్నారు. ఏళ్ల తరబడి పుల్లని పచ్చళ్లు నిలవ ఉన్నా గాజు సీసాకు ఏమీ కాదు కదా, అలాంటి గాజును విగ్రహానికి తొడిగితే భయమేముంది అన్నది వారి వాదన. నాకు మాత్రం సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

మూలకం

తీరవాసి గారూ, నేను రసాయనశాస్త్రం బోధిస్తాను, అందువల్ల పూత సంగతి వరకు చెప్పగలను. గాజు అనగానే కొలిమిలో కరిగి ఎర్రగా సాగే ముద్ద గుర్తుకొస్తుంది కానీ, ఈ పలుచని పూతలను కరిగించి పోయరు. సాల్-జెల్ అనే పద్ధతిలో ద్రవంగా పూస్తారు. సిలికాన్ పరమాణువు చుట్టూ నాలుగు ఇథాక్సీ గుంపులు ఉండే టెట్రాఇథైల్ ఆర్థోసిలికేట్‌ను ఆల్కహాలులో కలిపి, కొంచెం నీరూ చుక్క ఆమ్లమూ చేర్చినప్పుడు, ఆ గుంపులు ఒక్కొక్కటిగా ఊడిపోతాయి. వాటి స్థానంలో సిలికాన్-ఆక్సిజన్-సిలికాన్ బంధాలు ఏర్పడి వలలా అల్లుకుంటాయి. ఆల్కహాలు ఆవిరైపోయాక మిగిలే పొరకు గాజు స్వభావం ఉంటుంది.

అయితే ఆ పొర సందులు లేని అసలైన గాజుగా మారాలంటే కొన్ని వందల డిగ్రీల వేడి తగలాలి. పాత కంచుకు అంత వేడి పెట్టకూడదు. పోత కంచులో చాలాసార్లు సీసం ఉంటుంది. అది రాగిలో కలిసిపోకుండా చిన్న చిన్న గోళాలుగా విడిగా నిలుస్తుంది, 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పైన ఏర్పడిన పచ్చని ఖనిజాలు కూడా వేడికి తమలోని నీటినీ, కొన్ని కార్బన్ డయాక్సైడునూ వదిలేసి నల్లని రాగి ఆక్సైడుగా మారిపోతాయి. కాబట్టి విగ్రహం మీద పూత గది వేడిలోనే ఆరాలి. అలా ఆరినదానిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి.

మందం సంగతి కూడా గమనించండి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. శుద్ధ సిలికా పొర ఒక మైక్రాన్ దాటితే, ఆరేటప్పుడు కుంచించుకుపోయి బీటలు వారుతుంది. పైగా మీటరు పొడవున్న కంచు 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.7 మిల్లీమీటర్లు సాగుతుంది, సిలికా గాజు అదే వేడికి 0.02 మిల్లీమీటర్లు మాత్రమే సాగుతుంది. మే నెల మధ్యాహ్నం కాలిపోయేంత వేడెక్కి, హఠాత్తుగా వచ్చిన వానకు చల్లబడే విగ్రహం మీద ఈ తేడాను ఆ పొర రోజూ భరించాలి.

అందుకే సిలికాన్‌కు ఉండే నాలుగు చేతుల్లో ఒకదానికి మిథైల్ వంటి కర్బన గుంపును తగిలించి, వలకు కాస్త సాగే గుణం ఇస్తారు. మట్టిగోడ బీటలు వారకుండా వరిగడ్డి తునకలు కలిపి తొక్కడం మనవాళ్లకు తెలిసిందే, ఇదీ దాదాపు అటువంటిదే. ఇలాంటి సంకర పూతలు కొన్ని మైక్రాన్ల మందం వరకు బీట వారకుండా నిలుస్తాయి.

పైపుల ఇంజనీరు

నేను పాతికేళ్లుగా పైపులైన్ల పూతలతో పని చేస్తున్నాను. మూలకం గారు సన్నని రంధ్రాల ప్రస్తావన తెచ్చారు కాబట్టి చెబుతున్నాను: రంధ్రాలున్న పూత వేయడం కంటే అసలు పూత వేయకపోవడమే నయం. బంగారు పూత వేసిన ఇత్తడి నగను చూడండి. పూతలో సూదిమొన అంత సందు ఉన్నా సరే, అక్కడ లోపలి లోహం మామూలు కంటే వేగంగా తినేయబడుతుంది. గాజు పూతలోనూ అదే జరుగుతుంది.

మూలకం

ఇంజనీరు గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే ఒక సవరణ చెబుతాను. బంగారు పూత కింద లోహం వేగంగా పోవడానికి కారణం బంగారం విద్యుత్తును ప్రవహింపజేసే లోహం కావడమే. విశాలమైన బంగారు తలం కాథోడ్‌గా (తినబడని కొసగా), సూదిమొన అంత ఇత్తడి ఆనోడ్‌గా (తినబడే కొసగా) నిలిచినప్పుడు, దాడి అంతా ఆ చిన్న చోటనే కేంద్రీకృతమవుతుంది. ఇటలీలోని ఫ్లోరెన్స్ బాప్టిస్టరీకి శిల్పి గిబెర్టి 1425 నుంచి 1452 వరకు శ్రమించి చేసిన తలుపుల్లో బంగారు పొర కింది నుంచి ఉబ్బి లేవడానికి కూడా ఈ బంగారం-కంచు జంటే కారణం. గాజు విద్యుత్తును ప్రవహింపజేయదు కాబట్టి అది కాథోడ్ కాజాలదు.

మీ భయంలో నిజమైన భాగం వేరే ఉంది. సందులోంచి లోపలికి చేరిన నీరు బయటికి తేలికగా పోలేదు, పూత అంచు కింద పాకుతుంది. పూతకూ లోహానికీ మధ్య పట్టు బలహీనంగా ఉంటే పొర పొరలుగా లేస్తుంది. ఆ పట్టు గురించే ఇటలీలోని బొలోన్యాలో పరిశోధకులు కంచు మీద ఒక గంధక సిలేన్‌ను పరీక్షించారు. దాని ఒక కొసన ఉన్న గంధకం రాగిని పట్టుకుంటుంది, రెండో కొసన ఉన్న సిలికాన్ సాటి అణువులతో కలిసి గాజు వలను అల్లుతుంది. పని చేసేది ఆ రెండు పట్లూ కలిసినప్పుడే.

ఇంకొక్క మాట. సాల్ (పూతకు వాడే ఆ ద్రవం) తయారుచేసేటప్పుడు చాలామంది అలవాటుగా వాడే ఆమ్లం హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కంచు మీద వేసే పూతకు దాన్ని వాడటం అంటే కాపాడవలసిన వస్తువులోకి మన చేత్తోనే క్లోరైడును పంపడం.

మైన్ నది ఒడ్డు

నేను జర్మనీలోని వూర్ట్‌స్‌బుర్గ్‌లో ఉంటున్న తెలుగువాడిని, పూతల రంగంలోనే పని. మూలకం గారు చెప్పిన సంకర పూతలకు ఈ ఊరితో దగ్గర సంబంధం ఉంది. ఇక్కడి ఫ్రౌన్‌హోఫర్ సంస్థ ‘ఓర్మోసర్’ అనే పేరుతో అటువంటి పదార్థాలను రూపొందించింది. చర్చిల రంగు అద్దాల కిటికీల కోసమే కాక, 1990ల్లో ఆరుబయటి కంచు విగ్రహాల కోసం కూడా వాటిని పరీక్షించింది. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ యూరప్ నగరాల్లో కంచు మీది చిలుమును కరిగే సల్ఫేట్లుగా మారుస్తూ ఉండటం ఆ ప్రయత్నానికి ప్రేరణ.

పచ్చడి సీసా వాదనకు మాత్రం ప్రాగ్ నగరం నుంచి ఒక సమాధానం చెప్పాలి. సెయింట్ వైటస్ కెథడ్రల్ దక్షిణ ద్వారం మీద 1371 నాటి గాజు మొజాయిక్ ఉంది. వైశాల్యం సుమారు 84 చదరపు మీటర్లు, అందులో రమారమి పది లక్షల గాజు ముక్కలున్నాయి. ఆ గాజులో పొటాషియం ఎక్కువ. గాలిలోని తేమ ఆ పొటాషియాన్నీ కాల్షియాన్నీ బయటికి లాగింది. అవి గాలిలోని కాలుష్యంతో కలిసి తెల్లని లవణాలుగా పేరుకుని, బొమ్మ మొత్తాన్నీ కప్పేశాయి. ఎన్నిసార్లు శుభ్రం చేసినా మళ్లీ అదే జరిగింది. గాజుకు కూడా చిలుము పడుతుంది, అది ఏ గాజు అన్నదాన్ని బట్టి.

1990ల్లో గెట్టీ సంరక్షణ సంస్థ, చెక్ నిపుణులు కలిసి దాన్ని శుభ్రం చేయించి పూత వేయించారు. అందులో నాకు అన్నిటికన్నా నచ్చినది పొరల అమరిక. గాజుకు గట్టిగా అతుక్కునే సాల్-జెల్ పొరను కింద వేసి, ఎండావానలకు నిలిచే ఫ్లోరోపాలిమర్ అనే ప్లాస్టిక్ రకం పొరను పైన వేశారు. పై పొర అరిగిపోవడానికే ఉంది, అరిగినప్పుడు దాన్నే తీసి కొత్తది వేస్తారు. ఒకసారి పూసి పదేళ్లు మరిచిపోవచ్చు అన్న ఆలోచన ఆ ప్రణాళికలో ఎక్కడా లేదు. ఏటేటా ఎవరో ఒకరు పరంజా ఎక్కి చూసి రావాలన్నది మొదటి నుంచీ అందులో భాగం.

లోహ సంరక్షకురాలు

లోహ వస్తువుల సంరక్షణలో శిక్షణ పొంది పదిహేనేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. పూత గురించి మీరందరూ చక్కగా రాశారు. నేను పూత కింద ఉన్నదాని గురించి రాస్తాను, ఎందుకంటే తీరవాసి గారి రెండు విగ్రహాల సమస్యలు రెండు వేర్వేరు సమస్యలు.

ముందు దీపలక్ష్మి. తుడిచిన చోటనే మళ్లీ లేచే లేత పచ్చని పొడిని మా రంగంలో కంచు వ్యాధి అంటారు. నేలలోనో చెరువు బురదలోనో ఉన్న కాలంలో క్లోరైడు లోహంలోకి దిగి, పై చిలుము కింద క్యూప్రస్ క్లోరైడుగా నిలిచిపోతుంది. అది మైనం ముద్దలా లేత బూడిద రంగులో ఉంటుంది. గాలి, తేమ తగిలితే అది పచ్చని రాగి ట్రైహైడ్రాక్సీ క్లోరైడుగా మారి, హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం పక్కనున్న మంచి లోహాన్ని తిని మళ్లీ క్యూప్రస్ క్లోరైడును తయారుచేస్తుంది. అదే క్లోరైడు మళ్లీ మళ్లీ పని చేస్తుంది కాబట్టి, కొంచెం ఉన్నా చాలు, లోహం మిగిలినంత కాలం తింటూనే ఉంటుంది. మారిన పొడికి అంతకు ముందున్న దానికంటే ఎక్కువ చోటు కావాలి కాబట్టి, అది పైపొరను పగలగొట్టుకుని బయటికి వస్తుంది.

ఇప్పుడు దాని మీద గాజు పూత వేశామనుకోండి. గది వేడిలో ఆరిన పూత గుండా నీటి ఆవిరి నెమ్మదిగానైనా లోపలికి పోతూనే ఉంటుంది. క్లోరైడు లోపలే ఉంది, ఆమ్లం బయటికి పోయే దారి మూసుకుపోయింది. మొదటి వానకాలం గడిచేసరికి పూత కింద చిన్న బుడిపెలు కనిపిస్తాయి. అప్పుడు వాటికి చికిత్స చేద్దామంటే పైన పూత అడ్డం. దయచేసి ఆ విగ్రహం మీద ఏ పూతా వేయించకండి.

అర్ధవిగ్రహం సంగతి వేరు. తొంభై ఏళ్లుగా గాలిలోనే పెరిగిన దాని చిలుము, వాన తగిలే చోట పచ్చగా, తగలని చోట నల్లగా ఉండటం సహజమే. నల్లని చోట్ల దుమ్మూ మసీ చిలుముతో కలిసి గట్టిపడ్డాయి, పచ్చని చోట్ల ఉపరితలం ఏటా కొంత కొట్టుకుపోతోంది. దానికి పూత ఆలోచించవచ్చు. కానీ మా వృత్తిలో ప్రతి పూతనూ ఒక ప్రశ్న అడుగుతాము: దీన్ని మళ్లీ తీయగలమా? మైనాన్ని ద్రావకంతో తీయవచ్చు. 1960ల్లో రాగి పరిశ్రమ పరిశోధన ఫలితంగా వచ్చిన ఇన్‌క్రలాక్ అనే యాక్రిలిక్ వార్నిష్‌నూ తీయవచ్చు, కాకపోతే పాతబడే కొద్దీ కష్టమవుతుంది. సిలికా వల ఏ మామూలు ద్రావకానికీ లొంగదు. దాన్ని కరిగించగల గాఢ క్షారమూ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమూ చిలుమును ముందే నాశనం చేస్తాయి. గీకి తీయాలంటే పచ్చని పొర కూడా దానితో పాటే వస్తుంది. మీ సంఘంవారు ఏ గుణాన్ని చూసి గాజును మెచ్చుకుంటున్నారో, ఆ గుణమే నాకు భయం కలిగిస్తోంది.

పోత పని

మా ఇంట్లో ఐదు తరాలుగా పంచలోహ విగ్రహాలు పోస్తున్నాము. మైనంతో బొమ్మ చేసి, దాని మీద సన్న మట్టి పూసి, ఎండబెట్టి, మైనం కరిగించి తీసి ఆ ఖాళీలో లోహం పోస్తాము. ఈ చర్చ చదువుతుంటే నాకు రెండు విషయాలు రాయాలనిపించింది.

మొదటిది రంగు గురించి. పలుచని పూతలు రంగును మార్చవని అమ్మేవారు చెబుతారు. నేను మెరుగు పెట్టిన ఒక చిన్న పలక మీద ఇటువంటి పూత ఒకటి వేసి చూశాను. నీటి మీద నూనె చుక్క పరుచుకున్నప్పుడు కనిపించే రంగులు అక్కడక్కడా తేలాయి. ముదిరిన చిలుము ఉన్న మరో పలక మీద వేస్తే ఆ రంగులు రాలేదు కానీ, పచ్చదనం తడిసినట్టు ముదురుగా మారింది. ఆ ఆకుపచ్చను చూసే అలవాటున్న కంటికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

రెండోది పూజలో ఉన్న విగ్రహాల గురించి. ఇక్కడ ప్రశ్న గ్రంథాలయం గురించే అయినా, ఈ చర్చ చదివి ఏ ఆలయం వారైనా ఉత్సవ విగ్రహానికి పూత వేయిస్తారేమోనని నా ఆందోళన. అభిషేకంలో పాలు, పెరుగు, తేనె, కొబ్బరినీళ్లు అన్నీ తగులుతాయి. తర్వాత చింతపండుతో తోముతారు. ఆ పులుపు ప్రతిసారీ పై చిలుమును తీసేస్తుంది, దానితో పాటు లోహం కూడా రవ్వంత పోతుంది. వందల ఏళ్ల విగ్రహాల్లో కనుముక్కు తీరు అరిగిపోవడం నేను కళ్లారా చూశాను. దానికి మందు పూత కాదు. తోమడం తగ్గించి, మంచి నీటితో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తడి అద్దితే చాలావరకు కాపాడుకోవచ్చు. కొబ్బరినీళ్లలో కూడా క్లోరైడు ఉంటుందని ఈ చర్చ చూశాక మా అమ్మాయి పుస్తకం తీసి చూపించింది. అభిషేకం అయ్యాక శుద్ధోదకంతో కడగాలన్న పెద్దల నియమం విలువ నాకు ఇంకా బాగా అర్థమైంది.

ఆరుబయటి విగ్రహాలకు మా నాన్నగారు ఏడాదికోసారి తేనెమైనం వెచ్చచేసి రాసేవారు. అదే మంచిదని నా నమ్మకం.

లోహ సంరక్షకురాలు

పోత పని గారూ, మీ నాన్నగారి క్రమశిక్షణ చాలా గొప్పది. ఏటా తప్పకుండా చేయడమే అన్నిటికన్నా ముఖ్యం. తేనెమైనం గురించి మాత్రం ఒక చిన్న మార్పు చెబుతాను. అందులో సహజంగా ఉండే కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి, కాలక్రమేణా పచ్చని సబ్బు వంటి పదార్థాన్ని ఏర్పరచగలవు. పెట్రోలియం నుంచి తీసే మైక్రోక్రిస్టలైన్ మైనంలో అటువంటి ఆమ్లాలు ఉండవు కాబట్టి, ఇప్పుడు మేము దాన్నే వాడుతున్నాము. రాసే పద్ధతి మాత్రం మీ నాన్నగారిదే.

తీరవాసి

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. దీపలక్ష్మికి పూత వద్దన్న మాట మా సంఘానికి చెప్పాను, అందరూ ఒప్పుకున్నారు. అర్ధవిగ్రహం విషయంలో మాత్రం ఇంకా పట్టు సడలలేదు. ఏటా మైనం రాయడానికి మనిషి ఎక్కడ దొరుకుతాడు, ఒకసారి గాజు పూత వేస్తే పని తీరిపోతుంది కదా అంటున్నారు. దుకాణదారు దగ్గర సీసా మీద రాసిన వివరాలు చూశాను, అందులో పాలీసిలజేన్ అని ఉంది. అది మీరు చెప్పిన సాల్-జెల్ పదార్థమేనా?

మైన్ నది ఒడ్డు

తీరవాసి గారూ, ఆ వివరం చూసి చెప్పినందుకు సంతోషం, ఎందుకంటే నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంది. పాలీసిలజేన్‌లో సిలికాన్ల మధ్య ఆక్సిజన్‌కు బదులు నైట్రోజన్ ఉంటుంది. గాలిలోని తేమ తగలగానే నైట్రోజన్ స్థానంలోకి ఆక్సిజన్ చేరి సిలికా ఏర్పడుతుంది, విడిపోయిన నైట్రోజన్ అమ్మోనియాగా బయటికి వస్తుంది. రంగు వేసిన కారు రేకు మీద ఆ అమ్మోనియా వల్ల నష్టమేమీ లేదు. రాగి మిశ్రమాల విషయం అలా కాదు. అమ్మోనియా రాగి ఖనిజాలను కరిగించి నీలిరంగు సంయోగాలుగా మారుస్తుంది. లోపల బిగువు మిగిలి ఉన్న ఇత్తడిని అయితే పగలగొడుతుంది కూడా. బ్రిటిష్ సైన్యం మన దేశంలో వానకాలంలో గుర్రపుశాలల దగ్గర నిలవ చేసిన ఇత్తడి తూటా గొట్టాలు పగుళ్లు వారడం, కారణం వెతికితే అమ్మోనియా అని తేలడం లోహశాస్త్ర పాఠాల్లో తరచుగా చెప్పే ఉదాహరణ. కంచు ఇత్తడి అంత సున్నితం కాదు, పూత నుంచి వచ్చే అమ్మోనియా కూడా తక్కువే. అయినా తొంభై ఏళ్లు పట్టి ఏర్పడిన పచ్చని ఉపరితలం మీద ఆ ప్రయోగం చేయమని నేను చెప్పలేను.

ఇక సంరక్షకురాలు గారు అడిగిన ‘మళ్లీ తీయగలమా’ అన్న ప్రశ్నకు ఇక్కడివారు వెతికిన దారి ఒకటుంది. గాజు పూత కింద ముందుగా పారలాయిడ్ బీ-72 వంటి యాక్రిలిక్ పొర వేస్తారు, లేదా ఆ యాక్రిలిక్‌ను సంకర పూతలోనే కలుపుతారు. తీయవలసి వచ్చినప్పుడు అసిటోన్ ఆ యాక్రిలిక్‌ను ఉబ్బించి కరిగిస్తే, పైనున్న గాజు పొర ఊతం కోల్పోయి ఊడి వస్తుంది. గాజు వలకు ఉన్న పట్టు కొంత తగ్గుతుంది, దానికి బదులుగా వెనక్కి మరలే దారి మిగులుతుంది. ఈ బేరం సరైనదేనని నా అభిప్రాయం.

లోహ సంరక్షకురాలు

ఆ బేరాన్ని నేను పూర్తిగా ఒప్పుకోలేను. చదునైన పలక మీద యాక్రిలిక్ పొర సమంగా పరుచుకుంటుంది. చిలుము పట్టిన విగ్రహం ఉపరితలం స్పాంజిలా ఉంటుంది. గుంటల్లో యాక్రిలిక్ మందంగా నిండుతుంది, మిట్టల మీద దాదాపు ఉండదు. ఆ మిట్టల మీద గాజు నేరుగా చిలుమునే పట్టుకుంటుంది. తీసేటప్పుడు సరిగ్గా అక్కడే ఊడి రాదు. గాజులో ద్రావకం దూరే సందులు ఉంటేనే అసిటోన్ కిందికి చేరుతుంది, సందులు ఉంటే తేమ కూడా చేరుతుంది.

మైన్ నది ఒడ్డు

మిట్టల సంగతి మీరన్నది నిజం. పరీక్ష పలకల మీద వచ్చే ఫలితాలు విగ్రహాల మీద రాకపోవడానికి అదే పెద్ద కారణం. కొత్తగా పోసి, నగిషీ మెరుగు పెట్టి, ఇంకా చిలుము పట్టని కంచు మీద ఈ పూతలు బాగా రాణిస్తాయి. చరిత్ర ఉన్న ఉపరితలం మీద వాటిని వేయడానికి నేను కూడా ఇప్పుడు అంత తొందరపడను. ఒకవేళ వేస్తే, విగ్రహం వెనుక అడుగుభాగంలో అరచేతి వెడల్పు చోట వేసి, రెండు వానకాలాలు గమనించాకే ముందుకు వెళ్లాలి.

పైపుల ఇంజనీరు

సవరణకు మూలకం గారికి ధన్యవాదాలు, నేను పొరబడ్డాను. ఒక విషయం మాత్రం నిలబడి చెబుతాను. ఆరుబయట ఏ పూతా శాశ్వతం కాదని యూరప్‌లోని పెద్ద నగరాలు కూడా చివరికి ఒప్పుకున్నాయి. రోమ్‌లో ప్రాచీన చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ గుర్రం మీద ఉన్న కంచు విగ్రహాన్ని 1981లో దిమ్మె మీది నుంచి దింపి చికిత్స చేసి, 1990లో మ్యూజియం లోపలికి చేర్చారు. బయట ఇప్పుడున్నది నకలు. మూలకం గారు ప్రస్తావించిన ఫ్లోరెన్స్ తలుపులను కూడా 1990లో అక్కడి నుంచి తీసేశారు. ఇప్పుడవి తేమను అదుపులో ఉంచిన పెద్ద గాజు పెట్టెలో ఉన్నాయి. అక్కడా కాపాడుతున్నది గాజే కానీ, అది కంచును తాకడం లేదు. దీపలక్ష్మికి చేయగలిగింది కూడా అదే అనుకుంటాను.

లోహ సంరక్షకురాలు

ఇంజనీరు గారు చెప్పింది సరిగ్గా నేను రాయబోతున్నదే. తీరవాసి గారూ, ఆ విగ్రహాన్ని బీరువాలోంచి తీసి, బిగుతుగా మూత పడే పాలీప్రొపిలీన్ డబ్బాలో పెట్టండి. చెక్క బీరువా వదిలే ఆమ్లపు ఆవిర్లు కూడా దానికి మంచివి కావు. డబ్బాలో సిలికా జెల్ సంచులూ చిన్న తేమ కొలిచే పరికరమూ ఉంచండి. తేమ 40 శాతం దాటకుండా, వీలైతే 35 దగ్గర నిలిపితే ఆ క్లోరైడు చర్య దాదాపు ఆగిపోతుంది. నీలం రంగు సిలికా జెల్‌లో కోబాల్ట్ క్లోరైడు ఉంటుంది కాబట్టి నారింజ రంగు రకం తీసుకోండి. రంగు మారినప్పుడు పొయ్యిలో 110 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెడితే మళ్లీ పని చేస్తుంది. ఈ సిలికా జెల్ కూడా మూలకం గారు వర్ణించిన ఆ గాజు వలతోనే ఏర్పడింది. పూతలో ఏ సందులు మనకు లోపంగా కనిపించాయో, డబ్బాలో అవే తేమను పీల్చుకుని విగ్రహాన్ని కాపాడతాయి.

పొడిని చింతపండుతో గానీ నిమ్మకాయతో గానీ తోమవద్దు, నీటిలో నానబెట్టవద్దు. రాగి తినబడకుండా అడ్డుకునే బెంజోట్రైయజోల్ అనే రసాయనంతో చికిత్స చేయడం 1967 నుంచి మా రంగంలో ఉంది కానీ, దాన్ని చేతి తొడుగులతో, శిక్షణ ఉన్నవారే చేయాలి. లక్నోలోని జాతీయ సంరక్షణ పరిశోధనాలయం వంటి చోట సలహా అడగవచ్చు. ఇంకో సంగతి, విగ్రహం వందేళ్లు నిండినదైతే 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం దాన్ని నమోదు చేయించవలసి ఉంటుంది. ఆ పని ముందు చేయండి, చికిత్సకు ముందరి ఫొటోలు కూడా దానికి పనికొస్తాయి.

అర్ధవిగ్రహానికి పక్షి రెట్టలూ దుమ్మూ పోయేలా ఆమ్లమూ క్షారమూ కాని సబ్బు కొద్దిగా కలిపిన శుద్ధ జలంతో, మెత్తని కుంచెతో కడిగించండి. నల్లని పొరను గీకించకండి. పూర్తిగా ఆరాక, లోహం ఎండకు వెచ్చబడిన వేళ మైక్రోక్రిస్టలైన్ మైనం పలుచగా రాసి, చల్లారాక గుడ్డతో రుద్దాలి. వానకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేస్తే సముద్రపు ఉప్పు లోహాన్ని చేరకుండా చాలావరకు ఆపగలరు.

తీరవాసి

ఏడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. దుకాణదారుకు వద్దని చెప్పేశాము. దీపలక్ష్మి డబ్బాలోకి చేరింది. మొదటి రోజు పరికరం 71 చూపించింది, నాలుగో రోజుకు 38కి దిగి, అప్పటి నుంచి 36, 39 మధ్య తిరుగుతోంది. కొత్త పొడి కనిపించలేదు. నమోదు దరఖాస్తు పంపాము. పరికరం అంకెను రోజూ ఉదయం రిజిస్టరులో రాసే పనిని మా గ్రంథాలయానికి వచ్చే ఇద్దరు పదో తరగతి పిల్లలు తీసుకున్నారు, ఒక్కరోజు కూడా తప్పలేదు.

అర్ధవిగ్రహాన్ని కడిగించాము. మైనం రాయడానికి పోత పని గారు స్వయంగా వచ్చారు. ఆయనకు మా సంఘం తరఫున నమస్కారాలు. కండువా అంచున శిల్పి చెక్కిన సన్నని అంచు గీత ఉందని తొంభై ఏళ్లలో ఎవరూ గమనించలేదు, దుమ్ము పోయాక అది కనిపించింది. ఒక సందేహం: ఎడమ భుజం మీద వేసిన నీటి చుక్కలు గుండ్రంగా నిలవకుండా పరుచుకుంటున్నాయి, మిగతా చోట్ల నిలుస్తున్నాయి. మైనం అక్కడ చాలలేదా?

లోహ సంరక్షకురాలు

అవును, అక్కడ ఉపరితలం ఎక్కువగా కొట్టుకుపోయి సందులు పెద్దవైనందున మైనాన్ని లోపలికి పీల్చుకుంది. రెండు రోజులు వాన లేని సమయం చూసి, ఆ భుజం మీద మాత్రమే ఇంకో పలుచని పొర రాయండి. ఇంకో పొర వేసే ముందు పాతదాన్ని తీయనక్కర్లేదు. ఆ పిల్లల రిజిస్టరులో నీటి చుక్క పరీక్షకు కూడా ఒక గడి గీయించండి, నెలకొకసారి ఐదు చోట్ల చుక్క వేసి చూసి రాస్తే చాలు.